గుంటూరు మిర్చి కమీషన్ కొట్టులో డీఎన్ఎస్ ఫిల్టర్: ఒక కేస్ స్టడీ

2025 ఫిబ్రవరి. ధర పడిపోయి యార్డు మొత్తం ఆందోళనగా ఉన్న రోజులు. అమ్మితే కూలీ డబ్బులు కూడా రావని టిక్కీలను (మిర్చి బస్తాలను) ఏసీల్లో, అంటే కోల్డ్ స్టోరేజీల్లో, పెట్టేసే రైతులు ఒకపక్క, అమ్మిన సరుకు డబ్బు ఎప్పుడు ఖాతాలో పడుతుందా అని కొట్టు అరుగు మీద కూర్చున్న రైతులు ఇంకోపక్క. అలాంటి ఒక సాయంత్రం నేను నెట్‌వర్క్ చూసే కమీషన్ కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద గుమస్తా గారు. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా అదే కొట్టులో పట్టీలు రాస్తున్నారు.

"బాబూ, బ్యాంకు వాళ్ల పేజీలో పాస్‌వర్డ్ కొట్టాను. ఓటీపీ వచ్చింది. నేను డబ్బులేం పంపట్లేదు కదా, ఓటీపీ ఎందుకొచ్చినట్టు?"

"బాబాయ్ గారూ, ఆ ఓటీపీ ఎక్కడా కొట్టొద్దు. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించండి. కంప్యూటర్ని అలాగే వదిలేయండి, వస్తున్నా."

అరండల్‌పేట నుంచి బండి మీద వెళ్లేసరికి ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకొని, కీబోర్డు ముట్టుకోకుండా కూర్చుని ఉన్నారు. తెర మీద పేజీ అచ్చం బ్యాంకుదే. అదే నీలం రంగు, అదే తాళం బొమ్మ, కింద అదే హెచ్చరిక. పైన అడ్రస్ చూస్తే మాత్రం బ్యాంకు పేరు తర్వాత ఒక అడ్డగీత, దాని పక్కన 'కేవైసీ' అనే మాట, చివర 'డాట్ టాప్'. ఆ పేరును ఎప్పుడు రిజిస్టర్ చేశారో చూశాను. మూడు రోజుల కిందట. లింకు వచ్చిన మెయిల్లో 'ఈరోజు కేవైసీ పూర్తి చేయకపోతే ఆర్‌టీజీఎస్ నిలిచిపోతుంది' అని ఉంది. సీజన్లో కమీషన్ కొట్టుకి అంతకంటే భయపెట్టే మాట లేదు. బ్యాంకు ద్వారా పెద్ద మొత్తాలు పంపే ఆ ఆర్‌టీజీఎస్ ఆగితే అరుగు మీద కూర్చున్న రైతుకి ఏం చెప్పాలి?

డబ్బు పోలేదు. కానీ ఆ రాత్రి యజమాని గారు నన్ను కూర్చోబెట్టి అడిగిన మాట సరైనది. "ఈసారి బాబాయికి అనుమానం వచ్చి ఆగాడు. రేపు ఆ కుర్చీలో ఇంకొకళ్లు ఉంటారు. వాళ్లు ఆగకపోతే?"

ఈ కేసు ఆ ప్రశ్న దగ్గర మొదలైంది.

ఉన్నది ఏమిటి, పెట్టాలనుకున్నది ఏమిటి

వాళ్లకి మూడు చోట్లు. యార్డులో కొట్టు, పట్టాభిపురంలో ఆఫీసు, ఊరి బయట కోల్డ్ స్టోరేజీ. మూడూ కలిపి ఇరవైకి కాస్త అటూ ఇటూగా కంప్యూటర్లు, సీసీ కెమెరాల రికార్డర్లు, బిల్లింగ్ ప్రింటర్లు, అందరి ఫోన్లు. యాంటీవైరస్ ఉంది గానీ సగం చోట్ల లైసెన్సు అయిపోయింది. ప్రతి మిషన్ మీదా ఏదో ఒకటి వేసి, దాన్ని ఏడాది పొడవునా చూసుకునే మనిషి వాళ్ల దగ్గర లేడు. అందుకే అన్ని మిషన్లూ తప్పకుండా దాటే చోట ఒక కాపలా పెట్టాలనుకున్నాను. ఆ చోటే డీఎన్ఎస్.

యజమాని గారికి చెప్పిన పద్ధతిలోనే ఇక్కడా చెబుతాను. కొత్త లారీ డ్రైవరు యార్డు గేటు దగ్గర ఆగి 'ఫలానా వాళ్ల కొట్టు ఎక్కడ?' అని అడుగుతాడు. గేటు మనిషి కొట్టు నంబరు చెబుతాడు. లారీ అటు వెళ్తుంది. కంప్యూటర్ కూడా అంతే. మనం కొట్టిన పేరుతో అది ఎక్కడికీ వెళ్లలేదు, ముందు డీఎన్ఎస్ సర్వర్ని అడిగి ఆ పేరుకున్న ఐపీ నంబరు తెచ్చుకోవాలి. 1983లో పాల్ మాకపెట్రిస్ ఈ ఏర్పాటును రూపొందించినప్పుడు అడిగిన వాళ్లకి సరైన నంబరు చెప్పడమే దాని పని. అవతలి కొట్టువాడు మంచివాడా, మోసగాడా అన్నది దానికి అక్కర్లేదు. ఫిల్టర్ పెట్టడమంటే ఆ గేటు మనిషి చేతికి మోసగాళ్ల జాబితా ఇవ్వడం. జాబితాలో ఉన్న పేరు అడిగితే నంబరు చెప్పడు. నంబరు లేకపోతే దొంగ పేజీ తెరుచుకోదు, పాస్‌వర్డ్ కొట్టే పెట్టె కనిపించనే కనిపించదు.

అదే ఉదాహరణలో దీని బలహీనత కూడా ఉంది. కొట్టు నంబరు ముందే తెలిసిన లారీ గేటు దగ్గర ఆగకుండా వెళ్లిపోతుంది. ఐపీ నంబరును తనలోనే రాసుకొచ్చిన వైరస్‌ను డీఎన్ఎస్ ఫిల్టర్ ఆపలేదు. ఇది మొదటి రోజే చెప్పాను, కాగితం మీద కూడా రాసిచ్చాను.

మొదటి వారం: ఆపకుండా చూడటం

ఆఫీసులో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టి, దాని మీద పై-హోల్ అనే డీఎన్ఎస్ ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ వేశాను. దానికి బయటి నుంచి జవాబులు తెచ్చే డీఎన్ఎస్ సర్వర్‌గా 9.9.9.9 పెట్టాను. ఇది క్వాడ్9 అనే లాభాపేక్ష లేని సంస్థది, ప్రమాదకరమని తేలిన పేర్లకు అది తన దగ్గరే జవాబు ఆపేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.2 కూడా ఇలాంటిదే. కొట్టు, కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న మైక్రోటిక్ కంపెనీ రౌటర్లను వైర్‌గార్డ్ టన్నెల్‌తో (ఇంటర్నెట్ మీదే వేసిన రహస్య దారి) ఆఫీసుకు కలిపి, మూడు చోట్ల ప్రశ్నలూ ఈ పెట్టెకే వచ్చేలా చేశాను.

నా సొంత జాబితాలను మాత్రం మొదటి వారం వెయ్యలేదు. ఏ మిషన్ ఏ పేరు అడుగుతోందో లాగ్ రాసుకోవడం వరకే. కొత్తగా ఈ పని మొదలుపెట్టే కుర్రాళ్లు ఈ వారాన్ని దాటేస్తారు. దాటేయొద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ కేసులో అసలు జబ్బు ఆ వారంలోనే బయటపడింది.

నాలుగో రోజు పొద్దున లాగ్ గంటలవారీగా చూస్తున్నాను. రాత్రి పది దాటాక మూడు చోట్లా గీత పడిపోవాలి. ఆఫీసు పడిపోయింది, కొట్టు పడిపోయింది. కోల్డ్ స్టోరేజీ గీత మాత్రం తెల్లవార్లూ ఒకే ఎత్తులో ఉంది. విడదీసి చూస్తే కాటా పక్కన సరుకు రాకపోకలు రాసుకునే కంప్యూటర్. రాత్రిపూట దాని ముందు మనిషి ఉండడు. అయినా సరిగ్గా పది నిమిషాలకోసారి ఒక గుంపుగా ప్రశ్నలు. అడిగిన పేర్లలో ఒక్కటీ నోరు తిరిగేది లేదు. పన్నెండు, పదిహేను అక్షరాలు, అచ్చులు దాదాపు లేవు, చివర ఒకదానికి డాట్ ఇన్ఫో, ఇంకోదానికి డాట్ బిజ్. దాదాపు అన్నిటికీ వచ్చిన జవాబు 'అలాంటి పేరు లేదు' అనే.

ఈ పని చేసేవాళ్లకి ఇది తెలిసిన లక్షణమే. వైరస్ రాసినవాడు తన సర్వర్‌కి ఒకే పేరు పెట్టుకుంటే ఆ పేరు ఆపేస్తే సరిపోతుంది. అందుకని తేదీని బట్టి రోజూ కొత్త పేర్లు పుట్టించే లెక్క ఒకటి వైరస్‌లోనే పెడతాడు. వాటిలో ఏదో ఒకదాన్ని తను రిజిస్టర్ చేసుకుంటాడు, మిషన్ వెతుక్కుంటూ అక్కడికి చేరుతుంది. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ మొదట రోజుకు 250 పేర్లు పుట్టించేది, తర్వాతి రూపం 50,000 దాకా పోయింది. అన్ని పేర్లనూ జాబితాలో పెట్టి ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ 'లేదు' అనే జవాబులు ఒకే మిషన్‌కి అన్నేసి వస్తుంటే ఆ మిషన్ తనకు తానే దొరికిపోతుంది. జాబితా అవసరం కూడా లేదు, లాగ్ చదివే మనిషి ఉంటే చాలు.

కోల్డ్ స్టోరేజీకి వెళ్లి ముందు నెట్ కేబుల్ తీయించాను, మిషన్ ఆఫ్ చేయనివ్వలేదు. డిస్కు కాపీ తీసుకున్నాక కొత్తగా విండోస్ వేశాను. ఎలా వచ్చిందో వెతికితే ఎవరో పెన్ డ్రైవ్‌లో తెచ్చిన ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ 'క్రాక్' (లైసెన్సు లేకుండా నడిపే దొంగ కాపీ) దొరికింది. దాన్ని వేసిన కుర్రాడు భయపడిపోయి వెంటనే ఒప్పుకున్నాడు. అతన్ని ఏమీ అనొద్దని యజమాని గారికి ముందే చెప్పాను. తిట్టిన మర్నాటి నుంచి ఎవరూ నిజం చెప్పరు.

అదే రోజు సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి మెయిల్ పంపించాం. 2022 ఏప్రిల్ 28 నాటి వాళ్ల ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన ఆరు గంటల్లోపు చెప్పాలి, లాగ్‌లను 180 రోజులు దేశంలోనే దాచాలి. చిన్న వ్యాపారుల్లో ఈ మాట విన్నవాళ్లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. డబ్బు పోయి ఉంటే మెయిల్ కంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించేవాడిని. ఆ నంబరును మూడు చోట్లా గోడకి అంటించాం.

ఆపడం మొదలుపెట్టాక

రెండో వారం జాబితాలు వేశాను. ఫిషింగ్ (దొంగ పేజీలు), మాల్వేర్ (వైరస్‌లు) పేర్లవి, వాటితో పాటు రిజిస్టర్ అయ్యి ముప్పై రోజులు దాటని పేర్లవి. ఆ మూడు రోజుల వయసున్న దొంగ బ్యాంకు పేరు నా మనసులో ఉంది కాబట్టి ఈ ఆఖరిది తప్పనిసరి అనుకున్నాను.

ఆ తర్వాత ఎవరెవరు గేటు తప్పించుకుంటున్నారో వెతకడం. అసలు శ్రమ ఇందులోనే ఉంది. కొన్ని మిషన్లలో ఎప్పుడో ఎవరో 8.8.8.8 (గూగుల్ వాళ్ల ఫిల్టర్ లేని డీఎన్ఎస్) అని చేత్తో పెట్టి ఉంచారు. మామూలు డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే దారి పోర్టు 53. దాని మీద బయటికి పోయే ఏ ప్రశ్ననైనా రౌటరే పట్టుకుని మన పెట్టె వైపు తిప్పేలా రూల్ రాశాను. అది తేలిక. ఫోన్లలో ప్రశ్నను దాచి పంపే ప్రైవేట్ డీఎన్ఎస్ పోర్టు 853 మీద పోతుంది, దాన్ని మూసేశాను. 'ఆటోమేటిక్'లో ఉన్న ఫోన్లు మామూలు దారికి వచ్చేశాయి, ఫలానా ప్రైవేట్ సర్వర్ అని పేరు రాసి పెట్టుకున్న రెండు ఫోన్లకి మాత్రం నెట్ ఆగింది, వాటిని దగ్గర కూర్చుని సరిచేశాను. బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ లోపల దాచి అడిగే డీఎన్ఎస్ కష్టమైనది. అది మామూలు వెబ్‌సైట్లు వెళ్లే పోర్టు 443 మీదే పోతుంది కాబట్టి పోర్టు మూయలేం. ఫైర్‌ఫాక్స్ ముందు ఒక గుర్తు పేరును అడుగుతుంది, దానికి 'లేదు' అని చెబితే తనంతట తాను మొదలుపెట్టిన దాపరికం మానేస్తుంది. ఆ జవాబు పై-హోల్ చెబుతుంది. క్రోమ్‌ని ఆఫీసు మిషన్లలో పాలసీ పెట్టి ఆపాను. పేరున్న దాపరికపు సర్వర్ల నంబర్లను రౌటర్లో మూశాను. ఇంత చేసినా పట్టుదలగా తప్పించుకోవాలనుకునేవాడు తప్పించుకోగలడు. మనం ఆపుతున్నది తెలియక నొక్కేవాళ్లని.

నాకు రెండు రోజులు పట్టింది మాత్రం ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 పక్కనే నడిచే కొత్త తరం ఐపీ నంబర్లు. ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ రోజంతా పనిచేస్తోంది, లాగ్‌లో దాని జాడ లేదు. బ్లాక్ చేసిన పేజీలు దాంట్లో చక్కగా తెరుచుకుంటున్నాయి. చివరికి చూస్తే నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె వైఫై మీద ఐపీవీ6 ప్రకటనల్లో తన సొంత డీఎన్ఎస్ నంబరును చాటింపు వేస్తోంది. నేను ఐపీవీ4 వైపు గేటు కట్టాను, వెనక గోడకి తలుపు తెరిచే ఉంది. ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (నెట్‌ను దాటించడం తప్ప ఇంకేమీ చేయకుండా) పెట్టించి, చిరునామాలు ఇచ్చే పనంతా మైక్రోటిక్‌కి అప్పగించాక కుదురుకుంది. అప్పటి నుంచి ఎక్కడ ఫిల్టర్ పెట్టినా ముందు ఐపీవీ6 చూస్తాను. లాగ్‌లో ఎక్కువ కనిపించే మిషన్ కంటే అసలు కనిపించని మిషన్ మీద నాకు అనుమానం ఎక్కువ.

సోమవారం పొద్దున

ఇక నా తప్పు చెప్పాలి. మూడు చోట్లకీ కలిపి ఒకటే పెట్టె పెట్టాను. మార్చిలో ఒక సోమవారం, యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే రోజు, పొద్దున ఏడున్నరకి దాని మెమొరీ కార్డు పోయింది. కేబుల్ బాగుంది, సిగ్నల్ బాగుంది, ఒక్క పేరుకీ నంబరు చెప్పేవాళ్లు లేరు. కొట్టు బయట లోడెత్తిన లారీ నిలబడి ఉంది, దానికి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) తీయాలి. హమాలీలు అరుగు మీద కూర్చున్నారు. "నెట్ వస్తుందా రాదా ఒక్క మాట చెప్పు బాబూ, డ్రైవరు ఆగేలా లేడు" అన్న గుమస్తా గారి గొంతులోని టెన్షన్ నాకింకా గుర్తుంది. నలభై నిమిషాల తర్వాత గానీ దారికి రాలేదు.

రౌటర్లో రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8 పెట్టేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పెట్టకూడదు. మొదటిది పోయినప్పుడు మాత్రమే రెండోదాన్ని అడుగుతుందన్నది అపోహ. మొదటిది కాస్త ఆలస్యం చేసినా కంప్యూటర్ రెండోదాని వైపు వెళ్తుంది, కొన్నయితే రెండిటినీ మార్చి మార్చి అడుగుతాయి. ఫిల్టర్ లేని రెండో దారి ఉందంటే ఫిల్టర్ లేనట్టే. రెండోది కూడా ఫిల్టరే అయ్యుండాలి. ఆ వారమే మూడు చోట్లా ఒక్కో పెట్టె పెట్టాను, మెమొరీ కార్డులు తీసేసి ఎస్ఎస్‌డీలతో. ఒకటి పోతే టన్నెల్‌లో అవతలి చోటి పెట్టె జవాబు చెబుతుంది. ఖర్చు పెరిగింది. ఆ సోమవారం చూసిన యజమాని గారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

ఇంకో ఇబ్బంది ముప్పై రోజుల నిబంధన తెచ్చింది. పాత కొనుగోలుదారు ఒకాయన కొత్త వెబ్‌సైట్ పెట్టుకొని ఆర్డరు కాగితాలు అందులో ఉంచారు. సైటు వయసు పది రోజులు. మన గేటు మనిషి పోనివ్వలేదు. తప్పు ఆయనది కాదు, జాబితాది. ఇలాంటివి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, కాబట్టి ఆపడం కంటే వదలడం ఎంత త్వరగా జరుగుతుందన్నది ముఖ్యం. ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడం గారికి వదిలే అధికారం ఇచ్చాం. పేరు చూసి, అవతలి వాళ్లకి పాత నంబరు మీద ఫోన్ చేసి అడిగి, అప్పుడు వదలాలి. మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు. ఎందుకు వదిలారో పుస్తకంలో ఒక వాక్యం రాయాలి.

ఆపడమే మేలని గుడ్డిగా నమ్మేవాళ్లకి 2017 మే నాటి వన్నాక్రై సంగతి చెబుతుంటాను. ఆ వైరస్ ముందు ఒక వింత పేరును అడిగేది, అవతలి సర్వర్ పలికితే పని మానేసేది. మార్కస్ హచిన్స్ అనే కుర్రాడు ఆ పేరును రిజిస్టర్ చేయడంతో వ్యాప్తి తగ్గింది. అది వైరస్ పేరు కదా అని ఫిల్టర్లో ఆపేస్తే, ఆ నెట్‌వర్క్‌లో వైరస్ తన పని తను చేసుకుపోతుంది.

లాగ్ ఎవరు చూడాలి

ఏప్రిల్లో యజమాని గారు నెమ్మదిగా అడిగారు. "మా కుర్రాళ్లు పని వదిలేసి ఫోన్లలో ఏం చూస్తున్నారో దీంట్లో తెలుస్తుంది కదండీ?" తెలుస్తుంది. ఏ పేజీలో ఏం చదివారో తెలియదు గానీ ఏ సైటు ఎప్పుడు అడిగారో తెలుస్తుంది. ఒక మనిషి రాత్రిపూట ఏ జబ్బు గురించి వెతికాడో, ఏ అప్పు యాప్ తెరిచాడో ఊహించడానికి ఆ పేర్లు చాలు. అందుకే కుదరదని చెప్పాను.

"ఇది జబ్బుపడ్డ మిషన్ను పట్టుకోవడానికి పెట్టామండీ. మనుషుల మీద పెడితే రేపటి నుంచి అందరూ సొంత డేటాకి మారిపోతారు, మన గేటుకి పనుండదు. అదీగాక అది తప్పు."

ఆయన కాసేపు ఊరుకొని సరేనన్నారు. సిబ్బంది సొంత ఫోన్లకి విడిగా వైఫై పెట్టాం. దాంట్లో ఫిల్టర్ ఉంటుంది గానీ ఏ ఫోన్ అడిగిందన్నది లాగ్‌లో రాసుకోం. ఆఫీసు మిషన్ల లాగ్ 180 రోజులు ఉంటుంది. దాన్ని తెరవాలంటే నేను, మేడం గారు ఇద్దరం ఉండాలి. ఈ సంగతంతా తెలుగులో ఒక పేజీ రాసి, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాం.

ఇప్పుడు

మరుసటి ఏడాది కాయ వచ్చేసరికి మూడు పెట్టెలూ నడుస్తున్నాయి. సోమవారాలు పొద్దున పదిహేను నిమిషాలు లాగ్ చూస్తాను. 'లేదు' జవాబులు ఎక్కువున్న మిషన్, రాత్రిపూట మేలుకున్న మిషన్, అసలు కనిపించని మిషన్, ఈ మూడే వెతుకుతాను. బ్యాంకుల సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మారాలని రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ ఒక్కటే, బ్యాంకు కానివాడికి దొరకవు. గుమస్తా గారికి ఇది తెగ నచ్చింది. పేరు మొదలు ఎలా ఉన్నా తోక చూస్తే చాలు కదా అన్నారు.

జనవరిలో ఒక రాత్రి తొమ్మిదింటికి ఆయన ఫోన్. ఇంటి దగ్గర, సొంత ఫోన్లో, మొబైల్ డేటా మీద వాట్సాప్‌లో ఏదో లింకు వచ్చింది. అక్కడ మన ఫిల్టర్ లేదు.

"నొక్కలేదులే బాబూ. పేరు చదువుతాను, రాసుకో" అన్నారు. కళ్లజోడు పెట్టుకొని ఒక్కో అక్షరం చదివారు. మధ్యలో సున్నా ఉన్నచోట ఆగి, "ఇది ఓ కాదు, సున్నా. కావాలనే పెట్టాడు" అన్నారు. చూస్తే నిన్న రిజిస్టర్ అయిన పేరు, ఏ జాబితాలోనూ ఇంకా ఎక్కలేదు. మూడు పెట్టెల్లోనూ అప్పుడే వేసేశాను.